దోన్యా ఫెలా భయాలు

మొన్నామధ్య మా టెక్సాస్ మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం వెళ్ళింది. కాపెల్‌లో మా వీధి ఆ రోజు తిరనాళ్ళలా ఉంది. అందరూ మీటింగులు కాన్సిల్ చేసుకుని, ఇళ్ళ ముందు మడత కుర్చీలు వేసుకుని, అట్ట కళ్ళజోళ్ళు పెట్టుకుని మెడలు పైకెత్తి కూర్చున్నారు. ఎదురింటావిడ చిప్స్ పంచుతుంటే "గ్రహణం పట్టాక తినకూడదు ఆంటీ" అన్నాడు ఎవరో కుర్రాడు. అందరూ నవ్వారు. మా ఆయన నన్ను బయటికి రమ్మని కేకేశాడు. నేను వెళ్ళలేదు. వెనక గదిలో మా అమ్మ తెరలన్నీ వేసుకుని, మంచం అంచున, ఎడమ చెంప మీద చెయ్యి వేసుకుని కూర్చుని ఉంది. పెళ్ళికి ముందు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన మనిషి. "నువ్వెళ్ళి చూసి రావే. నాకేం భయం లేదు," అంది. భయం లేనివాళ్ళు ఆ మాట అనరు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. బయట ఒక్కసారిగా చీకటి పడి, వీధిలో పిల్లలందరూ కేరింతలు కొట్టినప్పుడు అమ్మ నా మణికట్టు పట్టుకుంది. వెలుగు తిరిగి వచ్చాక కూడా వదల్లేదు. "ఫెలా గుర్తొచ్చిందే," అంది. దోన్యా ఫెలా పోయి అప్పటికి నాలుగేళ్ళు.

మేము అమెరికా వచ్చిన కొత్తలో న్యూయార్కులో ఉండేవాళ్ళం, మన్‌హాటన్ ఉత్తరపు కొసన వాషింగ్టన్ హైట్స్ అనే పేటలో. నాకప్పుడు పదోయేడు నడుస్తోంది. మనవాళ్ళు ఎక్కువగా క్వీన్స్‌లోనో న్యూజెర్సీలోనో కాపురాలు పెట్టేవారు. మాకు మాత్రం నాన్న స్నేహితుడొకాయన ఖాళీ చేస్తూ అప్పగించిన ఇల్లు అక్కడ దొరికింది. ఆ పేటలో దాదాపు అందరూ డొమినికన్ రిపబ్లిక్ నుంచి, ఆ కరీబియన్ దీవి నుంచి వచ్చినవాళ్ళే. కొట్ల మీద బోర్డులు స్పానిష్, కిటికీల్లోంచి వచ్చే పాటలు స్పానిష్, మెట్ల మీద పోట్లాటలు స్పానిష్. మేముండే పాత ఇటుకల బిల్డింగులో మెట్లెక్కుతుంటే ఒక్కో అంతస్తుకి ఒక్కో వాసన ఎదురయ్యేది. ఒకచోట వేగుతున్న పచ్చి అరటికాయ, ఒకచోట దంచిన వెల్లుల్లి, ఒకచోట మన వాముని తలపించే ఆకేదో వేసి ఉడికిస్తున్న చిక్కుళ్ళు. మా అంతస్తులో ఇంగువ. నాన్న వేరే రాష్ట్రంలో క్లయింటు దగ్గర ప్రోగ్రామరుగా పని చేసేవారు. సోమవారం తెల్లారకముందే బస్సెక్కితే మళ్ళీ శుక్రవారమే రావడం. మిగతా రోజులు అమ్మా నేనూ, మా పై అంతస్తులో దోన్యా ఫెలా.

దోన్యా అంటే స్పానిష్‌లో పెద్దావిణ్ణి మర్యాదగా పిలిచే మాట. మనం పేరు చివర గారు అని తగిలించినట్టు వాళ్ళు ముందు తగిలిస్తారు. ఆవిడకి అప్పుడు అరవై ఉంటాయేమో. లావుపాటి మనిషి, పూలగౌను, జుట్టుకి ఎప్పుడూ ప్లాస్టిక్ రోలర్లు, భుజం మీద తువ్వాలు, గౌను జేబులో విక్స్ డబ్బా. భర్త పోయాడు, కూతురు పగలంతా పనికి పోయేది. ఆవిడ వీధిలో నలుగురైదుగురు పిల్లల్ని బడి అయ్యాక చూసుకునేది. అమ్మ స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులకి వెళ్తున్న రోజుల్లో నన్నూ అక్కడే వదిలేది. అలా కొన్ని నెలల్లోనే నాకు స్పానిష్ వచ్చేసింది. అమ్మకి రాలేదు, దోన్యా ఫెలాకి ఇంగ్లీషు రాదు. వాళ్ళిద్దరూ మాట్లాడుకోవాలంటే మధ్యలో నేను కావాలి. ఆవిడ మాటల్ని ఇక్కడ తెలుగులో రాస్తున్నానంటే, ఆనాడు అమ్మ కోసం నేను మార్చి చెప్పిన మాటలే చాలావరకు నాకు గుర్తుండటం వల్ల.

ఆ ఇంట్లో నేను ముందుగా నేర్చుకున్నది భయపడటం. ఒంట్లో వేడి ఉన్నప్పుడు చన్నీళ్ళు ముట్టకూడదు. ఇస్త్రీ చేసి ఫ్రిజ్ తలుపు తియ్యకూడదు, ముఖం వంకర పోతుంది. వేడి కాఫీ తాగి వెంటనే గాలిలోకి పోకూడదు. ఉత్తికాళ్ళతో చల్లటి నేల మీద నడిస్తే చలి కడుపులోకి ఎక్కుతుంది. సాయంత్రం మంచు నెత్తి మీద పడకూడదు. దానికి సెరేనో అని పేరు కూడా ఉంది. అది దొంగలాగా వచ్చి ఛాతీలో కూర్చుంటుందని ఆవిడ చెబితే నేను చీకటి పడేవేళకి తలకి స్కార్ఫు కట్టేసుకునేదాన్ని. చీపురు కాళ్ళకి తగిలితే పెళ్ళి కాదు. మామిడిపండు తిని పాలు తాగితే విషం. పసిపిల్లకి ఎక్కిళ్ళొస్తే ఎర్రదారం ముక్క ఉమ్మితో తడిపి నుదుటి మీద అతికించాలి. బిడ్డని ఎవరైనా ముద్దుగా ఉందని పొగిడితే వెంటనే దేవుడు చల్లగా చూడాలి అనాలి, లేకపోతే కన్ను తగులుతుంది. ప్రతి బిడ్డ చేతికీ నల్లరాయి పూస ఉండేది.

నేను ఇంటికొచ్చి ఇవన్నీ వల్లిస్తే అమ్మ పడీపడీ నవ్వేది. "మా అమ్మ స్పానిష్ నేర్చుకుని మనకంటే ముందే ఇక్కడికొచ్చి కూచుందే," అనేది. తణుకులో మా అమ్మమ్మదీ ఇదే వరస. వేడి చేస్తుంది, చలవ చేస్తుంది, దిష్టి తగిలింది, తలంటుకుని గాలికి పోకు. ఆ గొడవలన్నీ వదిలించుకుని వచ్చానని అమ్మకి లోలోపల గర్వంగా ఉండేది. నేనేమో రెండు వైపుల భయాలూ కలిపి మోసేదాన్ని. అమ్మమ్మ భయాలు పొద్దున్న, దోన్యా ఫెలా భయాలు సాయంత్రం.

అప్పటికి అమ్మ కడుపుతో ఉంది. ఏడో నెల పడింది. నాన్న ఊరెళ్ళే ముందు, ఆదివారం సాయంత్రం, ఆయన చొక్కాలన్నీ ఇస్త్రీ చేయడం అమ్మకి అలవాటు. ఆ రోజు కాలర్ మీద నీళ్ళు చల్లుతూ, ఆవిర్లు పొగలా లేస్తుంటే, ముఖమంతా ఎర్రబడి చెమటలు పట్టి ఉంది. దోన్యా ఫెలా గిన్నె తిరిగివ్వడానికి కిందికి వచ్చింది. అమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, దాహమేస్తోందని ఫ్రిజ్ తీసి మజ్జిగ గ్లాసు అందుకుంది.

"వద్దు! మూసెయ్యమను! తలుపు మూసెయ్యమను!" అని కేకపెట్టింది ఆవిడ. గిన్నె చేతిలోంచి జారి గిరగిరా తిరిగింది.

నేను అమ్మకి చెప్పాను. అమ్మ ఫ్రిజ్ తలుపుకి ఆనుకుని, ఆ చల్లగాలి ముఖానికి తగులుతుండగా, మజ్జిగంతా గటగటా తాగేసి నవ్వింది. "చూడు, ఏమీ కాలేదుగా. ఏం భయం లేదని చెప్పవే ఆవిడకి."

నేను చెప్పాను. దోన్యా ఫెలా నవ్వలేదు. శిలువ గుర్తు వేసుకుని, గిన్నె తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

రెండు రోజుల తర్వాత పొద్దున్న నేను బడికి తయారవుతుంటే బాత్రూంలోంచి అమ్మ పిలిచింది. నా పేరే, కానీ వేరే ఎవరో పిలిచినట్టుంది. వెళ్ళి చూస్తే అద్దం ముందు నిలబడి ఉంది. పుక్కిలించిన నీళ్ళు ఎడమ మూతి చివర్నుంచి గడ్డం మీదికి కారిపోతున్నాయి. నావైపు తిరిగింది. సగం ముఖం మా అమ్మది. మిగతా సగం కొవ్వొత్తి కరిగినట్టు కిందికి జారి ఉంది. ఎడమ కన్ను తెరిచే ఉంది, మూసుకోవడానికి ప్రయత్నిస్తే నల్లగుడ్డు పైకి వెళ్ళిపోయి తెల్లగుడ్డు మాత్రం కనిపించింది. నన్ను భయపెట్టకూడదని కాబోలు నవ్వింది. ఒక వైపే నవ్వింది. నేను కెవ్వున అరిచి, చెప్పుల్లేకుండా మెట్లెక్కి పైకి పరిగెత్తాను.

దోన్యా ఫెలా వచ్చి, గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, అమ్మని చూసింది. నేను చెప్పలేదా అని అనలేదు. ఆ మాట ఆవిడ ఎప్పుడూ అనలేదు. గబగబా వెళ్ళి కిటికీలు మూసింది. భుజం మీద తువ్వాలు తీసి అమ్మ తల చుట్టూ, చెంప చుట్టూ కట్టింది. అమ్మ వణికిపోతోంది. "పక్షవాతమే. మా నాన్నకి ఇలాగే మొదలైంది. పిల్లేమైపోతుంది, కడుపులోదేమైపోతుంది," అంటోంది. మాట ముద్దముద్దగా వస్తోంది. దీన్నంతా నేను స్పానిష్‌లో చెప్పాలి. పక్షవాతాన్ని స్పానిష్‌లో ఏమంటారో నాకు తెలియదు. "అమ్మ చచ్చిపోతానంటోంది," అన్నాను.

ఆవిడే మమ్మల్ని క్లినిక్కి తీసుకెళ్ళింది. డాక్టరు అమ్మని నుదురు ముడెయ్యమన్నాడు, బుగ్గలు పూరించమన్నాడు, కాళ్ళూ చేతులూ చూశాడు. ఇది పక్షవాతం కాదన్నాడు. ముఖానికి వచ్చే నరం వాచింది, కడుపుతో ఉన్నవాళ్ళకి అప్పుడప్పుడూ వస్తుంది, కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, కన్ను ఎండిపోకుండా చుక్కలు వేసుకోవాలి అన్నాడు. బీపీ కొంచెం ఎక్కువగా ఉంది, వారం వారం వచ్చి చూపించుకోమన్నాడు. "ఎందుకొచ్చింది?" అని అడిగింది అమ్మ. కచ్చితంగా చెప్పలేమన్నాడు. బయటికొచ్చాక అమ్మ మెట్ల మీద కూర్చుండిపోయింది. "ఆయనకి తెలీదంట," అంది. తెలిసిన మనిషి మా పక్కనే తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది.

ఆ రోజు నుంచి అమ్మ మారిపోయింది. ఒక్క మాట నిజమైతే మిగతావన్నీ ఎందుకు నిజం కావు? చెయ్యి పైకెత్తితే బొడ్డుతాడు బిడ్డ మెడకి చుట్టుకుంటుందని దోన్యా ఫెలా ఎప్పుడో అన్న మాట గుర్తు చేసుకుని, తల దువ్వుకోవడం మానేసి నా చేత దువ్వించుకునేది. పై అరలోని డబ్బాలన్నీ నేను కుర్చీ ఎక్కి దింపాను. తినాలనిపించింది తినకపోతే బిడ్డ ఒంటి మీద ఆ ఆకారంలో మచ్చ వస్తుందట. ఒకనాడు పనసతొన మీద మనసు పోతే, ఆ ఊళ్ళో ఎక్కడా దొరక్క, భయంతో ఏడ్చింది. నాన్న శుక్రవారం వచ్చి ఆ ముఖం చూసి, అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. సెలవడిగితే ప్రాజెక్టు మధ్యలో కుదరదన్నారట. వీసా కంపెనీ చేతుల్లో ఉంది. మళ్ళీ సోమవారం బస్సెక్కారు. ఫోన్లో అడిగితే అమ్మ, "చెకప్‌కి వెళ్ళాను, అంతా బానే ఉందన్నారు," అనేది. వెళ్ళలేదు. గాలి తగులుతుందని, వీధిలో జనం చూస్తారని, మళ్ళీ క్లినిక్ గడప తొక్కలేదు.

నేను రోజూ పొద్దున్నే టోస్టర్ ముందు నిలబడి, దాని అద్దంలాంటి ఒంట్లో నా ముఖం చూసుకుని, రెండు వైపులా నవ్వు వస్తోందో లేదో పరీక్షించుకునేదాన్ని. అమ్మ నిద్రపోతున్నప్పుడు ఆ ఎడమ కన్ను సగం తెరుచుకునే ఉండేది. అందుకని ఆ వైపు పడుకునేదాన్ని కాదు. అమ్మంటే నాకు భయం వేసేది. ఆ సంగతి అమ్మకి తెలిసిపోతుందేమోనని ఇంకా భయం.

దోన్యా ఫెలా రోజూ వచ్చి, ఆకువాసన వేసే స్పిరిట్ ఏదో అరచేతుల్లో వేడి చేసి అమ్మ చెంప మీద పైకి రాసేది. తర్వాత విక్స్, తర్వాత వేడి చేసిన గుడ్డతో కాపడం. ఒకరోజు ఆవిడ ఉండగానే అమ్మమ్మ ఫోన్ చేసింది. పావురం నెత్తురు రాస్తే వంకర పోయిన మూతి తిరిగొస్తుందని చెప్పింది. ఏమందని దోన్యా ఫెలా అడిగింది. చెప్పాను. ఆవిడ బయటి గోడకున్న ఇనప మెట్ల మీద కువకువలాడుతున్న పావురాల్ని కిటికీలోంచి చాలాసేపు చూసింది. తర్వాత పెద్దగా నిట్టూర్చి, "వాటిని పట్టడం కష్టం," అంది. అమ్మ నవ్వింది, ఆ ఒక్క వైపే. ఆ నెలంతా ఆ ఇంట్లో నేను విన్న నవ్వు అదొక్కటే.

ఆ రోజుల్లోనే బడిలో టీచరు త్వరలో సూర్యగ్రహణం రాబోతోందని చెప్పింది. అట్టపెట్టెకి సూదితో చిల్లు పెట్టి, వెనక్కి తిరిగి నిలబడి చూడటం నేర్పింది. నేను ఆ పెట్టె ఇంటికి తెచ్చాను. అది చూసి అమ్మ తెల్లబోయింది. అమ్మమ్మకి ఫోన్ చేసింది. "గడప దాటకు. కత్తి ముట్టకు. కాళ్ళూ చేతులూ ముడుచుకోకుండా తిన్నగా పడుకో. గ్రహణంమొర్రి వస్తుందే తల్లీ, పెదవి చీలి పుడతారు," అంది అమ్మమ్మ. అవతలి గొంతు అంత దూరాన్నుంచి నా చెవికి కూడా వినిపించింది. మర్నాడు దోన్యా ఫెలా, నేనింకా ఏమీ చెప్పకముందే, తనంతట తనే ఎర్రటి శాటిన్ గుడ్డ పట్టుకుని కిందికి వచ్చింది. దాన్ని కడుపుకి చుట్టుకుని పిన్నీసు పెట్టుకోవాలి, కిటికీలకి దుప్పట్లు కట్టాలి, బయటికి అడుగు పెట్టకూడదు. తన ఊళ్ళో, సిబావ్ లోయలో, గ్రహణంలో బట్టలారేసుకున్న ఒక తల్లికి పై పెదవి మధ్యలో ఒక ముక్క లేని పిల్లాడు పుట్టాడట. ఆ ముక్క చంద్రుడు కొరుక్కుపోయాడన్నారట.

అది విని అమ్మ ఆ ఎర్రగుడ్డ అందుకుంది. "ఒకళ్ళు చెబితే చాదస్తం అనుకోవచ్చు," అంది నాతో. "ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడనివాళ్ళు, భూమికి ఆ కొసనొకళ్ళూ ఈ కొసనొకళ్ళూ ఉండి ఒకే మాట చెబుతుంటే?"  ఆ అట్టపెట్టెని నేనే చెత్తలో పడేశాను.

గ్రహణం రోజున నన్ను బడికి పంపలేదు. కిటికీలకి దుప్పట్లు కట్టి, తలుపు కింద సందులో తువ్వాలు కుక్కింది దోన్యా ఫెలా. గదిలో ఉక్క, విక్స్ వాసన, ఆవిడ వేళ్ళ మధ్య జపమాల కదులుతున్న చప్పుడు. అమ్మ ఎర్రగుడ్డ కట్టుకుని వెల్లకిలా పడుకుంది. పొద్దుటినుంచీ తలనొప్పి అంటూనే ఉంది. ఉంగరం వేలికి బిగుసుకుపోయి సబ్బు రాసినా రావడం లేదు. ఇదంతా గ్రహణం పట్టబోతుండటం వల్లేనని అమ్మ నమ్మకం. నాకూ అంతే. కాసేపటికి బయట వీధిలో జనం గొంతులు పెద్దవయ్యాయి. మొదలైందని అర్థమైంది. దుప్పటి అంచుల్లోంచి వచ్చే వెలుగు పలచబడింది.

"రమా," అంది అమ్మ, "ఈ గదిలోకి మిణుగురులెలా వచ్చాయే?"

గదిలో ఏమీ లేవు.  "ఏమంటోంది?" అంది దోన్యా ఫెలా. మిణుగురుకి స్పానిష్ మాట నాకు రాదు. "అమ్మకి చిన్నచిన్న దీపాలు ఎగురుతూ కనిపిస్తున్నాయట," అన్నాను.

జపమాల చప్పుడు ఆగిపోయింది. ఆవిడ లేచి వచ్చి అమ్మ కాలి మడమ పైన బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. "తల నొప్పా అని అడుగు. ఇక్కడ, పక్కటెముకల కింద నొప్పుందా అని అడుగు." అడిగాను. ఉందంది అమ్మ. దోన్యా ఫెలా ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆవిడ భయపడటం నేను రోజూ చూశాను. మంచుకి, గాలికి, చీపురుకి. ఇది ఆ భయం కాదు.

"నాకొక చెల్లెలుండేది. మిలాగ్రోస్," అంది నాతో, అమ్మని చూస్తూ. "కడుపుతో ఉండగా దాని కాళ్ళు ఇలాగే ఉబ్బాయి. ఇలాగే దీపాలు కనిపిస్తున్నాయంది. గాలి తగలనివ్వకండి, చీకట్లో పడుకోబెట్టండి అన్నారు పెద్దవాళ్ళు. పడుకోబెట్టాం. తలుపు దగ్గర కాపలా కూర్చున్నది నేనే. తర్వాత ఫిట్స్ వచ్చాయి. బిడ్డ కడుపులో ఉండగానే పోయింది. లేవమని చెప్పు మీ అమ్మని. హాస్పిటల్‌కి పోవాలి. ఇప్పుడే."

నేను చెప్పాను. చెల్లెలు పోయిన సంగతి కూడా చెప్పాను. అంతా చెప్పాలో కొంత దాచాలో ఆ వయసులో నాకు తెలియలేదు. అమ్మ ఎర్రగుడ్డని రెండు చేతులతో పట్టుకుని తల అడ్డంగా ఊపింది.

"గ్రహణం విడవనియ్యి. ఒక్క గంట. తర్వాత ఎక్కడికంటే అక్కడికి వస్తానని చెప్పు."

"గంట ఆగకూడదు!" అంది దోన్యా ఫెలా.

"ఆవిడ మాట వినకే కదా నా మూతి ఇలా అయింది. ఈసారి వింటున్నాను. ఇప్పుడు నేను గడప దాటి, నా బిడ్డకి ఏదైనా అయితే? అడుగు. ఆవిడే చెప్పింది కదా, అడుగు!"

అడిగాను. నేను ఏడుస్తున్నాను. రెండు భాషలూ కలిసిపోతున్నాయి. దోన్యా ఫెలా వాదించలేదు. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, అమ్మ ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. జారిపోయిన సగాన్నీ జారని సగాన్నీ కలిపి. "నాక్కూడా భయంగానే ఉందని చెప్పు," అంది. "నేను పక్కనే నడుస్తానని చెప్పు."

అమ్మ ఆ కళ్ళలోకి చూసింది. ఏం కనిపించిందో నాకు తెలియదు. లేచి కూర్చుని, నా మణికట్టు పట్టుకుంది.

మెట్లు దిగడానికి చాలాసేపు పట్టింది. వీధి తలుపు దగ్గర దోన్యా ఫెలా ఒక్కసారి ఆగింది. నల్లగొడుగు విప్పి, దాన్ని మా తలల మీద కాకుండా అమ్మ కడుపుకి అడ్డంగా పట్టింది. కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుని, ముందు తన కాలు బయట పెట్టింది. వీధి నాకు తెలిసిన వీధిలా లేదు. పట్టపగలే, కానీ వెలుగు బూడిద కలిపినట్టుంది. గాలి చల్లబడింది. పావురాలన్నీ ఎక్కడికో పోయాయి. జనం గుంపులుగా నిలబడి ఎక్స్‌రే ఫిల్ముల్లోంచి పైకి చూస్తున్నారు. మమ్మల్ని చూసి ఒక ముసలావిడ శిలువ వేసుకుని, "ఫెలా! నీకు మతి పోయిందా? కడుపుతో ఉన్నదాన్ని!" అని అరిచింది. దోన్యా ఫెలా ఆవిడ వైపు చూడలేదు. నేను తల పైకెత్తకుండా నేల మాత్రమే చూస్తూ నడిచాను. చెట్టు నీడ పడే చోట, ఆకుల మధ్య నుంచి రాలిన వెలుగు గుండ్రంగా లేదు. కాలిబాట నిండా, అమ్మ పాదాల మీద కూడా, చిన్నచిన్న కొడవళ్ళు. కొరికేసిన సూర్యుడి ముక్కలు. అమ్మ వాటి మీద అడుగులేస్తోంది. నేను అరవలేదు. అరిస్తే అమ్మ ఆగిపోతుందని.

మూలమలుపు దగ్గర ఆవిడకి తెలిసిన టాక్సీ అతను ఉన్నాడు. అతను కూడా కడుపు వైపు చూసి జంకాడు. "డ్రైవ్ చెయ్యి," అంది దోన్యా ఫెలా. చేశాడు.

హాస్పిటల్లో అమ్మ బీపీ చూసిన నర్సు ముఖం చూసి, చక్రాల మంచం తోసుకుంటూ వాళ్ళు పరిగెత్తడం చూసి, నాకు అంతా అయిపోయిందనిపించింది. అప్పుడే ఆపరేషన్ చేసి బిడ్డని తీసేయాలన్నారు, లేకపోతే ఫిట్స్ వచ్చేస్తాయన్నారు. అమ్మ తర్వాత చాలా ఏళ్ళకి చెప్పింది, మన ఊళ్ళో దాన్ని గుర్రపువాతం అంటారని. నాన్న ఆఫీసుకి ఎవరో ఫోన్ చేశారు. ఆయన రావడానికి సాయంత్రమవుతుంది. నడవాలో ప్లాస్టిక్ కుర్చీల్లో నేనూ ఆవిడా. ఆవిడ వేళ్ళు జపమాల మీద కదలడం లేదు, ఊరికే పట్టుకుని ఉన్నాయి. బయట గ్రహణం ఎప్పుడు విడిచిందో మేమిద్దరం గమనించలేదు.

చివరికి ఆకుపచ్చ బట్టల్లో డాక్టరమ్మ వచ్చి, నా పక్కనున్న పెద్దావిడకి ఇంగ్లీషు రాదని తెలిసి, నా ముందు గొంతుక్కూర్చుంది. అమ్మ బాగానే ఉంది, తమ్ముడు పుట్టాడు, చాలా చిన్నగా ఉన్నాడు, కొన్నాళ్ళు అద్దాల పెట్టెలో ఉంచుతాం అంది. నేను దోన్యా ఫెలాకి చెప్పాను. ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, దేవుడికి దణ్ణం పెట్టుకోలేదు. ముందుకి వంగి నా భుజాలు పట్టుకుంది.

"పెదవి ఎలా ఉందో అడుగు."

డాక్టరమ్మకి అర్థం కాలేదు. "పెదవులా? పెదవులు బాగానే ఉన్నాయి. ఎందుకు?" అంది. బాగానే ఉన్నాయటని ఆవిడకి చెప్పాను. దోన్యా ఫెలా ఆ మాట నమ్మలేదు. మర్నాడు అద్దం అవతల నుంచి తమ్ముణ్ణి చూడనిచ్చినప్పుడు, ముక్కు అద్దానికి ఆనించి, వాడు ఆవులించేదాకా అలాగే నిలబడింది.

తమ్ముడు ఇంటికొచ్చాక నలభై రోజులు ఆవిడ రాజ్యమే. వాళ్ళకీ బాలింతకి నలభై రోజులట. తల తడపకూడదు, చెవుల్లో దూది, వేడివేడి కోడి చారు. అమ్మ కోడి చారు ముట్టదు కనుక మిరియాల చారు. అమ్మ ముఖం మెల్లగా పైకి వచ్చింది. పూర్తిగా రాలేదు. అలసిపోయినప్పుడు ఎడమ మూతి ఇప్పటికీ కొంచెం కిందికి దిగుతుంది, అప్పుడు చెంప మీద చెయ్యి వేసుకుంటుంది. ఏడాది తిరిగేసరికి నాన్నకి టెక్సాస్‌లో ఉద్యోగం వచ్చి మేము వచ్చేశాం. తమ్ముడు ఇప్పుడు శాంటా క్లారాలో ఉన్నాడు. ఈ కథ చెబితే "అక్కా, బీపీ మానిటర్ చేస్తే సరిపోయేది కదా," అంటాడు. నిజమే, సరిపోయేది. అమ్మ వారం వారం చెకప్‌కి వెళ్ళి ఉంటే ఆ రోజు అంతదాకా వచ్చేది కాదు. వెళ్ళకుండా ఆపింది ఆ భయాలే. నేనది మర్చిపోలేదు. కానీ మా వీధిలో కడుపుతో ఉన్న అమ్మాయిల్ని చూస్తుంటాను. చేతికి వాచీలు, ఫోన్లో యాప్‌లు. ఒక చిన్న నొప్పి టైప్ చేస్తే వంద జబ్బుల పేర్లు. మొగుడు ఆఫీస్ కాల్‌లో ఉంటే ఆ వందా ఒక్కతే చదువుకుని, ఒక్కతే వణికి, సాయంత్రం నవ్వుతూ బయటికొస్తుంది. మా అమ్మ ఆ ఇంట్లో ఎన్ని భయాలు పడిందో లెక్కలేదు. ఒక్కతే పడ్డ భయం మాత్రం నాకు గుర్తు లేదు.

నా మొదటి కాన్పుకి ముందు, ఆఫీసు పని మీద న్యూయార్క్ వెళ్ళినప్పుడు, ఆవిణ్ణి చూడటానికి వెళ్ళాను. బాగా పెద్దదైపోయింది, కళ్ళు సరిగా ఆనడం లేదు. నా కడుపు తడిమి దేవుడు చల్లగా చూడాలి అంది. చాలా ఏళ్ళుగా అడగాలనుకున్నది అప్పుడు అడిగాను. "ఆ రోజు మీరు గ్రహణాన్ని నమ్మడం మానేశారా?"

ఆవిడ నావైపు ఆశ్చర్యంగా చూసింది.

"మానెయ్యడమేంటి పిల్లా? ఇప్పటికీ నమ్ముతాను. ఆ మెట్లు దిగుతున్నంతసేపూ లోపల వాడి పెదవి చీలుతోందనే అనుకున్నాను. నాకు తెలుస్తూనే ఉంది. చీలితే చీలనీ, కుట్టిస్తారు, చీలిన పెదవితోనే తల్లి పాలు తాగనీ అనుకుంటూ దిగాను."